ఆ ప్రశ్న నన్ను ఒంటరిగా అడగాల్సింది

పోయిన వారం గుంటూరు నుంచి ఒకమ్మాయి మెసేజ్ పెట్టింది. బీటెక్‌లో ఉన్నప్పుడు కాలేజీ క్యాంపులో బుగ్గ లోపల స్వాబ్ ఇచ్చి స్టెమ్ సెల్స్ (రక్తకణాలన్నీ పుట్టే మూలకణాలు) ఇచ్చేవాళ్ల రిజిస్ట్రీలో పేరు రాయించుకుందంట, ఆ సంగతే మర్చిపోయిందంట, ఇప్పుడు మూడేళ్ల తర్వాత ఫోనొచ్చింది ఎవరికో నీది మ్యాచ్ అయిందని. దాంతో ఇంట్లో గొడవ మొదలైంది. వాళ్ల బాబాయి ఎక్కడో చదివి ఫ్యామిలీ గ్రూపులో పెట్టాడంట, స్టెమ్ సెల్స్ తీసేటప్పుడు ప్లేట్‌లెట్స్ యాక్టివేట్ అయ్యి రక్తం గడ్డకడుతుంది, పెళ్లి కావాల్సిన పిల్ల, మనకెందుకీ రిస్కు అని. దాని కిందే వాళ్ల అక్క "అదంతా ఫేక్, మామూలు రక్తదానం లాంటిదే, ఏం కాదు" అని రాసింది. "అక్కా, మీరు మీ తమ్ముడికి ఇచ్చారు కదా, ఈ రెండిట్లో ఏది నిజం?" అని నన్నడిగింది.

రెండూ పూర్తి నిజం కాదు అని టైప్ చేసి ఆగిపోయాను. ఎందుకంటే సరిగ్గా చెప్పాలంటే నేను ఇన్నాళ్లూ మా ఇంట్లో కూడా చెప్పని సంగతి ఒకటి చెప్పాలి. ఆ అమ్మాయికి చెప్పాను. ఇక్కడ కూడా రాస్తున్నాను, ఎందుకంటే ఇలాంటి గదిలో కూర్చోబోయే ఆడపిల్లలు ఇంకా చాలామంది ఉంటారు.

ఆ గదిలో ఐదుగురం

మా తమ్ముడికి ఏఎంఎల్, అదొక రకం బ్లడ్ క్యాన్సర్. కీమోతో రెమిషన్ వచ్చింది, అంటే జబ్బు అణిగింది, కానీ స్టెమ్ సెల్ ట్రాన్స్‌ప్లాంట్ చెయ్యకపోతే మళ్లీ తిరగబెట్టే ఛాన్స్ ఎక్కువన్నారు. తోడబుట్టినవాళ్లలో హెచ్‌ఎల్‌ఏ (ఒకరి కణాలు ఇంకొకరికి సరిపోతాయో లేదో చెప్పే గుర్తులు) పూర్తిగా కలవడానికి నాలుగింట ఒక వంతు అవకాశం, మా ఇద్దరికీ కలిసింది. రిపోర్టు వచ్చిన రోజు నాన్న హాస్పిటల్ కారిడార్లోనే నా చెయ్యి పట్టుకుని ఏడ్చేశారు, అంత పెద్దమనిషి ఏడుస్తుంటే ఇంక నాకు వేరే ఆలోచన ఏముంటుంది, అప్పటికప్పుడు తీసుకోండి అన్నా ఇచ్చేసేదాన్ని.

డోనర్ కౌన్సెలింగ్ అని ఒక చిన్న గదిలో కూర్చోబెట్టారు. కౌన్సెలర్ కాకుండా నాన్న, మా ఆయన, అత్తయ్య, నేను. కౌన్సెలర్ మంచావిడే, నవ్వుతూ మాట్లాడింది, ఫామ్ చూసుకుంటూ గబగబా అడిగింది: "బీపీ, షుగర్, థైరాయిడ్ ఏమన్నా ఉన్నాయా మేడమ్? టాబ్లెట్స్ ఏమన్నా వాడుతున్నారా?" లేదండీ అన్నాను.

నా హ్యాండ్‌బ్యాగులో స్ట్రిప్ ఉంది. పీసీఓడీకి డాక్టర్ రాసిన హార్మోన్ మాత్రలు, ఇరవై ఒక్క రోజుల స్ట్రిప్, ఆ నెలవి ఇంకా ఎనిమిది మిగిలున్నాయి. పీరియడ్స్ సక్రమంగా రావడానికే వేసుకుంటున్నా, కానీ అవి పిల్లలు పుట్టకుండా వేసుకునే మాత్రలే, అదే మందు. పెళ్లయి రెండేళ్లు, అత్తయ్య ప్రతి పండక్కీ విశేషమేమన్నా ఉందా అని అడుగుతున్న టైమది. ఆవిడ పక్కన కూర్చునుండగా ఆ మాట నా నోట్లోంచి ఎలా వస్తుంది? ఇంకోటి కూడా ఉంది, నిజంగా చెప్తున్నా, నా మనసులో అది "మందు" అనే లెక్కలోనే లేదు. మందంటే రోగానికి వేసుకునేది. ఇది నెలసరికి వేసుకునేది.

వాళ్లు ప్రెగ్నెన్సీ టెస్ట్ కూడా చేశారు, ఆడ డోనర్లందరికీ చేస్తారు. నెగెటివ్ అని రాసుకున్నారు. అక్కడైనా ఒక్క మాట అడిగుంటే బయటపడేది.

తర్వాత నాలుగు పేజీల కన్సెంట్ ఫామ్, మొత్తం ఇంగ్లీషులో. మూడో పేజీలో ఒక లైనుంది, చాలా అరుదుగా థ్రాంబోసిస్, అంటే రక్తనాళాల్లో గడ్డకట్టడం, రావచ్చు అని. ఆ మాట నేను చదివాను, అర్థం కూడా తెలుసు, కానీ అది నా హ్యాండ్‌బ్యాగులో ఉన్న స్ట్రిప్‌కి సంబంధించిన మాటని తట్టలేదు. ఈస్ట్రోజెన్ ఉన్న మాత్రలు వేసుకునేవాళ్లకి కాళ్ల నరాల్లో గడ్డకట్టే రిస్కు వేసుకోనివాళ్లతో పోలిస్తే మూడు నాలుగు రెట్లు ఉంటుందని ఆ తర్వాత తెలుసుకున్నా. మామూలుగా వయసులో ఉన్నవాళ్లకి ఆ రిస్కు చాలా చిన్నది, చిన్నదానికి నాలుగు రెట్లయినా చిన్నదే, నేను భయపెట్టడానికి రాయట్లేదు. కానీ దాని మీద ఇంకోటి, దాని మీద మరోటి పేరుస్తూ పోతున్నాం అనేది ఎవరో ఒకరు లెక్కపెట్టాలి కదా.

బ్యాగ్‌ని వెలుతురుకెత్తి చూసింది

స్టెమ్ సెల్స్ మామూలుగా ఎముకల్లో మూలుగలో ఉంటాయి. వాటిని రక్తంలోకి దింపడానికి జీ-సీఎస్‌ఎఫ్ అనే ఇంజెక్షన్ ఇస్తారు, కిలోకి 10 మైక్రోగ్రాముల చొప్పున, నాలుగైదు రోజులు. నేను 58 కిలోలు, కాబట్టి రోజుకి 300 మైక్రోగ్రాముల సూదులు రెండు, బొడ్డు చుట్టూ చర్మం కింద. మూడో రోజుకి నడుము, తుంటి ఎముకలు లోపల్నుంచి కొట్టుకుంటున్నట్టు నొప్పి. తెల్లకణాలు 46 వేలకి పోయాయి, అంత పెరగడం మామూలే అన్నారు, నిజంగానే మామూలే.

ఎవరూ చెప్పని సంగతి ఏంటంటే ఆ మందు తెల్లకణాల సంఖ్య పెంచి ఊరుకోదు, వాటిని నిద్ర లేపుతుంది కూడా. 1999లోనే ఇటలీ బెర్గామోలో డాక్టర్లు ఈ ఇంజెక్షన్ తీసుకున్న ఆరోగ్యవంతులైన డోనర్ల రక్తం పరీక్షించి రాశారు, న్యూట్రోఫిల్స్ యాక్టివేట్ అవుతున్నాయి, వాటితోపాటు రక్తం గడ్డకట్టే వ్యవస్థ కూడా కదులుతోంది అని. రక్తాన్ని గడ్డకట్టించే ఫ్యాక్టర్ 8, ప్లేట్‌లెట్స్‌ని గోడకి అతికించే వాన్ విల్లెబ్రాండ్ ఫ్యాక్టర్ పెరుగుతాయి. ప్లేట్‌లెట్స్ మామూలప్పుడు చిన్న చిన్న పళ్లాల్లా నున్నగా తిరుగుతుంటాయి, యాక్టివేట్ అయితే ఆకారం మారి కాళ్లూ చేతులూ చాపినట్టవుతాయి, లోపల సంచుల్లో దాచుకున్న పదార్థాలు బయటికి వదుల్తాయి, పైపొర మీద పీ-సెలెక్టిన్ అనే కొక్కెం లాంటిది తేల్తుంది, దాంతో తెల్లకణాల్ని పట్టుకుంటాయి. దెబ్బ తగిలినప్పుడు మన ప్రాణం కాపాడేది ఈ పనే. ఇక్కడ దెబ్బేమీ లేకుండానే కొంచెం కొంచెం జరుగుతుంది.

దీని మీద మిషన్ కూడా తోడవుతుంది. ఒక చేతి నరంలోంచి రక్తం బయటికి వెళ్తుంది, ప్లాస్టిక్ ట్యూబుల్లోంచి పోయి గిర్రున తిరిగే గిన్నెలో పొరలు పొరలుగా విడిపోతుంది, కావాల్సిన పొర బ్యాగ్‌లోకి, మిగతాది ఇంకో చేతిలోంచి వెనక్కి. నాకు నాలుగున్నర గంటలు పట్టింది. ఒంట్లో ఉన్న రక్తం మొత్తం రెండు మూడుసార్లు ఆ మిషన్లోంచి వెళ్లొస్తుంది. ట్యూబుల్లో గడ్డకట్టకుండా సిట్రేట్ కలుపుతారు, అది రక్తంలోని కాల్షియాన్ని పట్టేసుకుంటుంది, కాల్షియం దొరక్కపోతే గడ్డ కట్టదు.

మొదలుపెట్టిన రెండు గంటలకి అనుకుంటా, సిస్టర్ వచ్చి బ్యాగ్‌ని కిందనుంచి రెండు వేళ్లతో పట్టుకుని కిటికీ వైపు వెలుతురుకెత్తి చూసింది. పల్చటి ఇటుకరంగు ద్రవం, అందులో తెల్లటి పలుకుల్లాంటివి, పాలు విరిగేముందు కనిపిస్తాయే అలాంటివి. "క్లంపింగ్ వస్తోంది" అని పక్కనున్న టెక్నీషియన్‌తో మెల్లగా అంది, ఆయన మిషన్ మీద ఏదో నంబర్ మార్చాడు, అంటే సిట్రేట్ మోతాదు పెంచాడన్నమాట. పది నిమిషాలకి నా పెదాల చుట్టూ చీమలు పాకినట్టు, వేళ్ల చివర్లు తిమ్మిరి. కాల్షియం తగ్గింది, డ్రిప్‌లో కాల్షియం ఎక్కించారు, తగ్గిపోయింది. సిట్రేట్ తక్కువైతే ప్లేట్‌లెట్స్ ముద్దకడతాయి, ఎక్కువైతే డోనర్‌కి తిమ్మిర్లు. ఆ ఇద్దరూ ఆ మధ్యలో ఉన్న సన్నటి దారిలో నన్ను నడిపించారు, వాళ్లకి నేను జీవితాంతం రుణపడి ఉంటా.

నేను అడిగాను, అవేంటి సిస్టర్ అని. "ఏం లేదమ్మా, ప్లేట్‌లెట్స్ కొంచెం అతుక్కుంటున్నాయి, మీరు పడుకోండి" అంది. నా ప్లేట్‌లెట్స్ అతుక్కుంటున్నాయి. బ్యాగ్‌లో అయితే సిట్రేట్ పెంచి సరిచేశారు. సిట్రేట్ నా లివర్‌లోకి పోయి కాసేపట్లో కరిగిపోతుంది, రెండు గంటల్లో ఈ మిషన్ తీసేస్తారు. మిగతా రక్తం నాలోనే ఉంటుంది కదా అని అప్పుడు మొదటిసారి అనిపించింది.

కౌంట్ ఎంత, కౌంట్ ఎంత

మన దగ్గర ప్లేట్‌లెట్ అనే మాట తెలియని ఇల్లు లేదు, డెంగీ పుణ్యమా అని. ప్రతి వానాకాలం ప్రతి ఊళ్లో అదే మాట, కౌంట్ ఎంత, లక్ష దాటిందా, యాభై వేలకి పడిందా, బొప్పాయి ఆకు రసం తాగించారా. అందుకే మనకి ప్లేట్‌లెట్ అంటే తగ్గకూడని ఒక అంకె, అంతే. అది ఏ స్థితిలో ఉంది, ఎంత ఉద్రేకంలో ఉంది అనే ప్రశ్న మన బుర్రల్లోకే రాలేదు.

నాది ఇచ్చేముందు 2 లక్షల 60 వేలు, ఇచ్చాక 1 లక్షా 40 వేలు. అఫెరిసిస్ (ఇలా మిషన్‌తో కణాలు తియ్యడం) తర్వాత అలా తగ్గడం మామూలే, స్టెమ్ సెల్స్‌తోపాటు ప్లేట్‌లెట్స్ కూడా బ్యాగ్‌లోకి పోతాయి, కొద్దిరోజుల్లో మళ్లీ వచ్చేస్తాయి. కానీ ఆ అంకె చూసి ఇంట్లో అందరూ కంగారుపడ్డారు. పెద్దమ్మ ఫోన్ చేసి బొప్పాయి ఆకు, మేనమామ ఫోన్ చేసి కివీ పండ్లు. మంచం దిగొద్దు, ఎక్కడైనా తగిలితే రక్తం ఆగదు అని అత్తయ్య నన్ను రెండ్రోజులు కదలనివ్వలేదు. ప్రేమతోనే. కానీ ఆ టైమ్‌లో నా ఒంటికి కావాల్సింది సరిగ్గా దానికి ఉల్టా, లేచి నాలుగడుగులు నడవడం, నీళ్లు బాగా తాగడం. సంఖ్య తక్కువుండొచ్చు, ఉన్నవి రెచ్చిపోయి ఉండొచ్చు, రెండూ ఒకేసారి నిజమవ్వొచ్చు అని డిశ్చార్జ్ కాగితంలో ఎక్కడా లేదు, రాసింది కౌంట్ ఒక్కటే.

మూడో రోజు రాత్రి బస్సులో రాజమండ్రి బయల్దేరాం. రాత్రంతా కాళ్లు ముడుచుకుని కూర్చున్నా, మాత్ర కూడా వేసుకున్నా, ఎప్పట్లాగే. ఇంటికెళ్లాక ఎడమ పిక్కలో పోటు మొదలైంది, సాయంత్రానికి కాలు కింద పెట్టలేకపోయా. మా ఆయన స్కాన్ సెంటర్‌కి తీసుకెళ్లారు. డాప్లర్ (నరాల్లో రక్తం ఎలా పారుతుందో చూసే స్కాన్) చేసే డాక్టర్ పెద్దావిడ, మా ఆయన్ని బయట కూర్చోమంది, పిక్క మీద జెల్ రాస్తూ ఎటూ చూడకుండా మామూలుగా అడిగింది: "పిల్స్ ఏమన్నా వాడుతున్నావామ్మా?" వాడుతున్నానండీ అన్నాను. అంతే. అర నిమిషం పట్టలేదు. ఏ సిగ్గూ లేదు, ఏ భయమూ లేదు, నోట్లోంచి అదే వచ్చేసింది.

గడ్డ లేదు. కండరం పట్టేసింది, అంతే. నాకేం కాలేదు. ఇది దాచిపెట్టి రాస్తే అన్యాయం, ఎందుకంటే నా వాదనకి ఇదే పెద్ద లోటు, జరగని ప్రమాదం గురించి ఇంత రాయడమేంటని ఎవరైనా అడగొచ్చు.

"ఇవన్నీ చెప్తే ఎవడిస్తాడు?"

నాకు తెలిసిన ఒక హెమటాలజీ (రక్తం జబ్బులు చూసే) డాక్టర్‌ని తర్వాత అడిగాను. ఆయన చెప్పింది కొట్టిపారేసేది కాదు. రక్తపరీక్షలో కనిపించే మార్కర్స్ పెరగడం వేరు, మనిషికి గడ్డకట్టడం వేరు అన్నారు. ఇంజెక్షన్ ఆపాక ఆ మార్పులు కొన్ని రోజుల్లో మామూలుకొస్తాయి, ఆరోగ్యంగా ఉన్న డోనర్లలో నిజంగా గడ్డలు కట్టడం చాలా అరుదు అన్నారు. ఆ మాట నిజమే. యూరప్‌లో 1993 నుంచి 2005 వరకు ట్రాన్స్‌ప్లాంట్ టీములు డోనర్ల లెక్కలు తీశాయి, మూలుగ ఇచ్చినవాళ్లూ రక్తంలోంచి ఇచ్చినవాళ్లూ కలిపి 51,024 మందిలో ఐదుగురు చనిపోయారు, ఇంకో 37 మందికి తీవ్రమైన సమస్యలొచ్చాయి. అవన్నీ గడ్డలు కూడా కావు. యాభై వేల మందిలో ఐదుగురు.

"ఇవన్నీ కూర్చోబెట్టి చెప్తే ఎవడిస్తాడమ్మా? మన దేశంలో రిజిస్ట్రీల్లో ఉన్నదే తక్కువమంది, పిలిస్తే వచ్చేది ఇంకా తక్కువ" అన్నారు చివర్లో. దీని గురించి నేను చాలా రోజులు ఆలోచించాను. డోనర్ వెనక్కి తగ్గితే ఏమవుతుందో నాకు తెలుసు. ట్రాన్స్‌ప్లాంట్‌కి ముందు కొన్ని రోజులు పేషెంట్‌కి గట్టి మందులిచ్చి సొంత మూలుగని ఖాళీ చేస్తారు, ఆ తర్వాత డోనర్ రానంటే పేషెంట్‌కి వెనక్కి దారి లేదు. నేను సూదులు తీసుకుంటున్న రోజుల్లో మా తమ్ముడు పై ఫ్లోర్‌లో గాజు తలుపు వెనకాల అదే స్థితిలో ఉన్నాడు. ఆ వారంలో ఎవరైనా వచ్చి నాకు గడ్డల గురించి చెప్పి ఇష్టమైతేనే ఇవ్వండి అంటే అది నాకు గౌరవం ఇచ్చినట్టు కాదు, హింస పెట్టినట్టే.

అందుకే ఇది ముందే చెప్పాల్సిన మాట. మ్యాచ్ తేలిన రోజుకీ సూదులు మొదలయ్యే రోజుకీ మధ్య వారాలుంటాయి. అప్పుడు చెప్తే భయపడేవాడు భయపడతాడు, ఇంకో డోనర్‌ని వెతకడానికి టైముంటుంది. మాలాంటి వాళ్లు మాత్రలుంటే ఏం చెయ్యాలో డాక్టర్‌ని అడుగుతారు. పిల్స్ వాడేవాళ్లు ఇవ్వకూడదని నేననట్లేదు, అలా రూలేం లేదు. డాక్టర్‌కి తెలిసుండాలి, అంతే. తెలిస్తే మాత్ర ఎప్పుడు ఆపాలో చెప్పేవాళ్లు, రాత్రి బస్సు వద్దనేవాళ్లు, పిక్క నొప్పొస్తే, ఆయాసమొస్తే ఎక్కడికి ఫోన్ చెయ్యాలో రాసిచ్చేవాళ్లు.

ఇంకో మాట కూడా చెప్పాలి, ఇది ఆ హెమటాలజీ డాక్టర్‌కి నచ్చలేదు. నా డాక్టరూ మా తమ్ముడి డాక్టరూ ఒక్కరే. ఆయనకి తమ్ముడు బతకాలి, నాకూ అదే కావాలి, కాబట్టి ఆ గదిలో నా వైపు కూర్చున్నవాళ్లు ఎవరూ లేరు, నాతో సహా. డోనర్‌ని చూసే డాక్టర్ వేరుగా ఉండాలని అంతర్జాతీయ ప్రమాణాలు చెప్తాయి. చెన్నైలో 2009లో మొదలైన దాత్రి లాంటి రిజిస్ట్రీల ద్వారా ఇచ్చేవాళ్లకి పేషెంట్ ఎవరో తెలీదు, మధ్యలో రిజిస్ట్రీ ఒకటుంటుంది. ఇంట్లోవాళ్లకి ఇచ్చే అక్కలకీ అన్నలకీ మధ్యలో ఎవరున్నారు?

అడిగితే బయటపడేవి

పిల్స్ ఒక్కటే కాదు. అమ్మకో నాన్నకో చిన్న వయసులో కాల్లో గడ్డకట్టిందా, కాన్పు తర్వాత పిన్నికి ఊపిరితిత్తుల్లో గడ్డని ఐసీయూలో పెట్టారా, నీకే ఎప్పుడైనా కట్టిందా. మనవాళ్లు వీటిని "కాలు వాచి జ్వరమొచ్చింది" అని చెప్తారు, డీవీటీ (లోపలి నరంలో గడ్డ) అని చెప్పరు. తెలుగులో అడిగితేనే తెలుగులో జవాబొస్తుంది.

చేతి నరాలు సన్నగా ఉంటే మెడలోనో తొడ దగ్గరో పెద్ద లైన్ వేస్తారు, ఆడవాళ్లకి ఈ అవసరం ఎక్కువ పడుతుంది, ఆ లైన్ దగ్గర గడ్డకట్టే రిస్కు వేరే ఉంటుంది. నావి నాన్న నరాలు, లావుగా ఉంటాయి, తప్పించుకున్నా. సొంత స్టెమ్ సెల్స్ తీయించుకునే మైలోమా (ఇంకో రకం బ్లడ్ క్యాన్సర్) పేషెంట్ల సంగతి ఇంకా వేరు, వాళ్లకి జబ్బు వల్లా లెనాలిడోమైడ్ లాంటి మందుల వల్లా ముందే గడ్డకట్టే గుణముంటుంది, కాబట్టి వాళ్ల డాక్టర్లు దీన్ని గుర్తుపెట్టుకునే ఉంటారు.

సికిల్ సెల్ గురించి ఒక్కమాట, అది ఎర్రకణాలు కొడవలి ఆకారంలోకి మారే, పుట్టుకతో వచ్చే జబ్బు. ఆ జబ్బున్నవాళ్లకి జీ-సీఎస్‌ఎఫ్ ఇస్తే ప్రాణం మీదకొచ్చింది, చనిపోయినవాళ్లున్నారు. అందుకే 2023 డిసెంబర్‌లో అమెరికాలో అనుమతి వచ్చిన సికిల్ సెల్ జీన్ థెరపీలకి (పేషెంట్ సొంత కణాలే తీసి, జన్యువుల్లో మార్పు చేసి తిరిగి ఎక్కించడం) కణాలు తియ్యడానికి ఆ ఇంజెక్షన్ వాడకుండా ప్లెరిక్సాఫర్ అనే వేరే మందు పెట్టుకున్నారు. అంటే రిస్కుని ఒప్పుకుంటే పని ఆగిపోలేదు, వేరే దారి దొరికింది. ఈ జబ్బు ఎక్కువ కనిపించే పాడేరు, ఆదిలాబాద్ వైపు నుంచి తమ్ముడికో చెల్లికో ఇవ్వడానికొచ్చే డోనర్‌కి సికిల్ టెస్ట్ చెయ్యడం మర్చిపోకూడదు. క్యారియర్ (జబ్బు లేకుండా ఆ జన్యువు ఒక్కటి మోసేవాళ్లు) అయితే మామూలుగా తట్టుకుంటారు, జబ్బే ఉంటే అసలు ఇవ్వకూడదు.

మా తమ్ముడు బాగున్నాడు. ఇప్పుడు వాడి ఒంట్లో తిరిగే ప్లేట్‌లెట్స్ కూడా నా కణాల్లోంచి పుట్టినవే. మళ్లీ ఇవ్వమంటే మళ్లీ ఇస్తాను, ఈసారి ముందు మాత్ర సంగతి చెప్పి.

గుంటూరు అమ్మాయికి ఇదంతా రాసి పంపించా, చివర్లో మీ బాబాయి చెప్పింది ల్యాబ్‌లో నిజం, మీ అక్క చెప్పింది చాలామంది విషయంలో నిజం, నీ విషయంలో ఏది నిజమో తెలియాలంటే నీ సంగతులన్నీ డాక్టర్‌కి తెలియాలి, ఇంట్లోవాళ్లు లేనప్పుడు మాట్లాడతానని అడుగు అని. రెండ్రోజులు జవాబు లేదు, భయపెట్టేశానేమో, ఆ పేషెంట్‌కి నావల్ల డోనర్ పోయిందేమో అని నాకు నిద్రపట్టలేదు. నిన్న సాయంత్రం మెసేజొచ్చింది.

"చెకప్ అయింది అక్కా. నేను అడగకముందే డాక్టర్ గారు అమ్మని బయట కూర్చోమన్నారు. వచ్చే నెల డేట్ ఇచ్చారు."